పదివేల లోపు ఖర్చుతో ఈజిప్ట్ దేవుళ్ళ షార్ట్ ఫిల్మ్: మన హైదరాబాద్ బండల మీద తీయడం ఎలా

పోయిన ఎండాకాలం మా బ్యాచ్ ఆరుగురం కలిసి ఈజిప్ట్ దేవుళ్ళ మీద పదమూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం, ఫోన్‌తోనే. ఫైట్లు, మ్యాజిక్, కామెడీ, ఒక పడవ పందెం, ఒక నీటిగుర్రం, అన్నీ ఉన్నాయి. ఖర్చు మొత్తం తొమ్మిది వేల చిల్లర, అందులో బిర్యానీలకే మూడు వేలు దాటింది అది వేరే విషయం. చూసిన ప్రతోడూ "ఎట్ల తీశార్రా" అని అడుగుతున్నాడు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. మేం చేసిన తిక్క పనులు కూడా రాస్తా, మీరు మళ్ళీ చేయకండి.

ముందు కథ సంగతి, ఎందుకంటే చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే. ఈజిప్ట్ అనగానే పిరమిడ్, మమ్మీ లేచి నడవడం, శాపం, అంతే. మేమూ అట్లనే మొదలుపెట్టాం, మా బామ్మర్ది రెండు నెలలు కూర్చుని ఏదో శాపం కథ రాశాడు, చదువుతుంటే మాకే ఆవులింతలు. తర్వాత అసలు పురాణం చదివితే అర్థమైంది, మనం పైనుంచి కామెడీ చల్లక్కర్లేదు, వాళ్ళ కథల్లోనే కావాల్సినంత ఉంది.

ఉదాహరణకి మేం తీసుకున్న కథ. ఓసిరిస్ అనే రాజుని తమ్ముడు సెత్ చంపేశాడు, ఇప్పుడు సింహాసనం ఓసిరిస్ కొడుకు హోరస్‌దా, బాబాయి సెత్‌దా అని దేవుళ్ళ కోర్టులో కేసు నడుస్తోంది. ఎన్నేళ్ళు నడిచింది? 80 ఏళ్ళు. నేను జోక్ చేయట్లేదు, పాపిరస్‌లో, అంటే వాళ్ళ రెల్లు కాగితం చుట్టలో అట్లనే ఉంది, సుమారు 3,100 ఏళ్ళ కిందటి పాపిరస్ అది, ఐదో రామెసెస్ అనే రాజు కాలంది, ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. మధ్యలో ఒక చిన్న దేవుడు ఎవడో జడ్జి స్థానంలో ఉన్న సూర్యదేవుణ్ణి "నీ గుడి ఖాళీ పో" అని అనేస్తే ఆయన అలిగి వెల్లకిలా పడుకుని ఎవరితోనూ మాట్లాడడు. ఆయన్ని నవ్వించడానికి ఆయన కూతురు హాథోర్ వెళ్ళాల్సొస్తుంది. భూమి తగాదాలు చూసిన మన తెలుగోళ్ళకి ఈ కథ కొత్తగా అనిపిస్తుందా చెప్పండి, మా ఊళ్ళో పెదనాన్న వాళ్ళ కేసు ఇంకా నడుస్తానే ఉంది.

అన్నట్టు పేరు సెత్ అని రాయండి, సెట్ అని రాస్తే స్క్రిప్ట్‌లో "సెట్ లోపలికి వస్తాడు" అని చదివి మా లైట్ పట్టుకునే కుర్రాడు ఏ సెట్, ఎక్కడ కట్టాం అని వెతికాడు.

ఇంకో విషయం, సెత్‌ని ఉత్త విలన్‌గా తీయకండి. సూర్యదేవుడు రా రోజూ రాత్రి పడవలో చీకటి లోకం గుండా వెళ్తాడు కదా, ఆ దారిలో అపెప్ అనే మహా సర్పం పడవని మింగడానికొస్తుంది, అప్పుడు పడవ ముందు నిలబడి బల్లెంతో దాన్ని పొడిచేది ఎవరనుకుంటున్నారు, ఈ సెత్తే. అన్నని చంపినోడే రాత్రి డ్యూటీలో సూర్యుడికి బాడీగార్డ్. ఇట్లాంటి క్యారెక్టర్ దొరికాక కొత్తగా విలన్ని రాసుకోవడం దండగ.

ఇక మా మొత్తం సినిమాని నిలబెట్టిన నియమం ఒకటుంది, ఇది మాత్రం పక్కాగా పాటించండి. దేవుళ్ళు ఎవ్వరూ కామెడీ చేయకూడదు. దేవుళ్ళు పౌరాణిక నాటకంలో లాగ గ్రాంథికంలో, గంభీరంగా, ఒక్క నవ్వు లేకుండా మాట్లాడాలి, పక్కనున్న మామూలు మనిషి మాత్రం మన హైదరాబాద్ భాషలో మాట్లాడాలి. నవ్వు ఆ రెండు భాషల మధ్య పుడుతుంది. మేం మొదటి రోజు షూట్ చేసినప్పుడు హోరస్ వేషం వేసిన మా బావ కూడా పంచ్ డైలాగులు కొట్టాడు, ఎడిట్‌లో చూస్తే స్కూల్ యానివర్సరీ స్కిట్ లాగ ఉంది, మొత్తం తీసేసి మళ్ళీ తీశాం.

ఒక సీన్ చూపిస్తా. దేవుళ్ళు కోర్టుని ఒక లంకలోకి మార్చి, హోరస్ తల్లి ఐసిస్‌ని అక్కడికి రానివ్వొద్దని పడవవాడికి ఆర్డర్ వేస్తారు, ఐసిస్ లాంటి ఆడమనిషి ఎవరొచ్చినా ఎక్కించుకోవద్దని. ఐసిస్ ముసలమ్మ వేషంలో గిన్నె పట్టుకుని వస్తుంది. ఇది అసలు కథలో ఉన్నదే, మేం చేసిందల్లా పడవవాడిని మన ఆటో అన్నలాగ మాట్లాడించడం.

"నాయనా, నన్ను ఆ లంకకు చేర్చెదవా?"
"లేదమ్మా, ఆడోళ్ళను ఎక్కించుకోవద్దని పైకెళ్ళి ఆర్డరున్నది."
"అది ఐసిస్ అను దేవతను గూర్చి కదా. నేను ముసలిదానను. పశువులు కాయు పిల్లవాడు అయిదు దినములుగా ఆకలితో నున్నాడు, ఆహారము కొనిపోవుచున్నాను."
"మరి నాకేమిస్తవ్?"
"ఈ రొట్టెను ఇచ్చెదను."
"రొట్టెనా? ఒక్క రొట్టె కోసం పెద్దోళ్ళ ఆర్డర్ తప్పాల్నా నేను? మంచిగున్నవ్ గదమ్మా."
"అట్లయిన ఈ బంగరు ఉంగరము."
"ఎక్కమ్మా, జల్ది ఎక్కు, గిన్నె జాగ్రత్త."

రొట్టె వద్దనడం, ఉంగరం తీసుకోవడం, అంతా పాపిరస్‌లో ఉన్నట్టే. తర్వాత దొరికిపోయి పాపం పడవవాడి కాలి ముందు భాగం కోసేస్తారు, అప్పట్నుంచి వాడికి బంగారం అంటేనే పడదు. మేం కోయడం తీసేసి చివర్లో కాలికి కట్టుతో కూర్చుని "క్యాష్ లేదు, గోల్డ్ లేదు, స్కాన్ చేయి" అన్నట్టు పెట్టాం. మా అపార్ట్‌మెంట్ మీద స్క్రీనింగ్‌లో ఎక్కువ ఈలలు పడింది ఈ సీన్‌కే.

లొకేషన్ విషయంలో అందరూ అనేది ఒకటే, ఇక్కడ ఎడారి ఎక్కడిది అని. అరే బాబూ, ఈజిప్ట్ అంటే ఇసుక ఒక్కటే కాదు. దక్షిణాన అస్వాన్ అని ఊరుంది, అదంతా గ్రానైటే, నైలు నది మధ్యలో నున్నటి బండలు ఏనుగుల్లాగ పడి ఉంటాయి, వాళ్ళ ఒబెలిస్కులకి, అంటే ఒకే రాతిలో చెక్కిన మొనదేలిన పొడవాటి స్తంభాలకి రాయి అక్కడ్నుంచే పోయేది. పగుళ్ళొచ్చి మధ్యలో వదిలేసిన ఒబెలిస్క్ ఒకటి ఇంకా ఆ క్వారీలో పడుకునే ఉంది, దాదాపు 42 మీటర్ల పొడవు. మన హైదరాబాద్ ఏంటి మరి, రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద కూర్చున్నాం. ఖాజాగూడ గుట్టల్లో ఒక మూల నిలబడి కెమెరాని పైకి ఎత్తి బండలు, ఆకాశం మాత్రమే పెట్టుకుంటే అస్వాన్ కాదని ఎవడూ అనడు. కెమెరా కొంచెం కిందికి దింపితే గచ్చిబౌలి టవర్లు వస్తాయి, అదొక్కటే చూసుకోవాలి.

ఆ గుట్ట దగ్గర దర్గా ఉంది, గుడి ఉంది, పొద్దున్నే వాకింగ్‌కి, బండలెక్కడానికి వచ్చేవాళ్ళు ఉంటారు, కాబట్టి అరుపులు కేకలు తగ్గించుకోండి, బండలకి రంగు పూయకండి, తిన్న కవర్లు వెనక్కి తెచ్చుకోండి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు లాంటి చోట్ల ట్రైపాడ్ తీస్తే గార్డు వచ్చేస్తాడు, షూటింగ్‌కి పర్మిషన్ కావాలి, అది లేకుండా దొంగచాటుగా ట్రై చేయకండి, మధ్యలో ఆపేస్తే మేకప్ కూడా వేస్టు. పొద్దున ఐదుంబావుకల్లా అక్కడుండాలి, మే నెలలో ఎనిమిదిన్నర దాటితే బండ మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు, మా హాథోర్ అంటే మా అక్క, ఒక కాలు ఎత్తి ఒక కాలు దించి డైలాగ్ చెప్పింది, క్లోజప్ కాబట్టి సరిపోయింది. పైగా పొద్దుటి ఎండ పక్క నుంచి పడుతుంది, బండ మీద ప్రతి గరుకూ కనిపిస్తుంది, రంగు బంగారంలాగ వస్తుంది, ఫిల్టర్ అక్కర్లేదు.

షూట్‌కి ముందు మాత్రం ఒక రోజు పెట్టుకుని అందరూ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకి వెళ్ళండి. అక్కడ నిజమైన ఈజిప్ట్ మమ్మీ ఉంది, నైషూ అని పేరు, ఏడో నిజాం మ్యూజియంకి ఇచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి దాన్ని చూడనోళ్ళు మా బ్యాచ్‌లోనే నలుగురున్నారు. చూసి చేయాల్సిన పని ఏంటంటే కట్లు ఎట్ల చుట్టారో గమనించడం. సినిమాల్లో బ్యాండేజీ వేలాడుతూ ఉంటుంది కదా, అక్కడ అట్ల ఉండదు, బిగుతుగా, పద్ధతిగా ఉంటుంది. ఆ తర్వాత టైముంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో టుటన్‌ఖామున్ అనే ఈజిప్ట్ రాజు సింహాసనం నకలు చూడండి, మా సినిమాలో కుర్చీకి కొలతలు, బొమ్మలు దాన్ని చూసే గీసుకున్నాం, అమ్మమ్మ వాళ్ళ పాత టేకు కుర్చీకి అట్ట అతికించి. రెండు మ్యూజియాలకీ శుక్రవారం సెలవు, మేం శుక్రవారమే వెళ్ళి గేటు దగ్గర పల్లీలు తిని వచ్చాం.

కాస్ట్యూమ్ అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే వాళ్ళ బట్టలు ఎక్కువగా తెల్ల నార బట్టలే, మగాళ్ళు నడుముకి కుచ్చిళ్ళతో చుట్టుకునేవాళ్ళు. అంటే మన పంచె. నాన్నగారి పాత తెల్ల పంచెలు తీసుకుని మోకాళ్ళ పైకి మడిచి, ముందు కుచ్చిళ్ళు ఇస్త్రీతో గట్టిగా పెట్టండి, గంజి వేస్తే ఇంకా మేలు. ఆడవాళ్ళకి జరీ లేని తెల్ల కాటన్ చీర. మెడ చుట్టూ వెడల్పుగా ఉండే హారం మాత్రం కావాలి, అది లేకపోతే ఈజిప్ట్ కాదు, ఎవరో స్వామీజీ అనుకుంటారు. అట్టని అర్ధచంద్రంలాగ కోసి లాడ్ బజార్‌లో దొరికే పూసల దండలు, చమ్కీ లేసులు వరసలుగా అతికించండి, నీలం రంగు ఎక్కువ పెట్టండి. కిరీటాలు అట్టతోనే, దక్షిణానికి తెల్లది, ఉత్తరానికి ఎర్రది, రెండూ కలిపి పెట్టుకున్నవాడు మొత్తం దేశానికి రాజు. అక్కడ దక్షిణాన్నే ఎగువ ఈజిప్ట్ అంటారు, నైలు మ్యాప్‌లో కింద నుంచి పైకి, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కదా అందుకు. మా వాడు మ్యాప్ చూసి ఉత్తరమే ఎగువ అనుకుని కిరీటాలు తారుమారు చేశాడు.

కాటుక ఆడా మగా అందరూ పెట్టుకునేవాళ్ళు, కంటి చివర గీత బాగా సాగాలి. చార్మినార్ దగ్గర సుర్మా దొరుకుతుంది, చూడ్డానికి అచ్చం ఆ కాలం లాగే ఉంటుంది గానీ కొన్నిట్లో సీసం ఉంటుంది, కాబట్టి మామూలు పెన్సిల్ కాజల్ వాడండి. బంగారు రంగు ఒంటికి పూయాలంటే నీళ్ళతో కడిగితే పోయే ఫేస్ పెయింటే, చేతులు, భుజాల వరకే. గోడలకి వేసే గోల్డ్ పెయింట్ పూస్తానని మా బామ్మర్ది బయల్దేరితే మా అత్తయ్య చీపురు తీసింది. ఒంటి రంగు మార్చే మేకప్ అస్సలు వద్దు. 2016లో హాలీవుడ్ వాళ్ళు ఇదే పురాణం మీద భారీ బడ్జెట్‌తో ఒక యాక్షన్ సినిమా తీసి ఈజిప్ట్ దేవుళ్ళుగా ఎక్కువమంది తెల్లవాళ్ళని పెట్టారు, గొడవై రిలీజ్‌కి ముందే డైరెక్టర్, స్టూడియో సారీ చెప్పుకోవాల్సొచ్చింది. మన ముఖాలు ఉన్నవి ఉన్నట్టే వాళ్ళకంటే నమ్మేట్టుంటాయి.

అనూబిస్ తల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నక్క తల దేవుడు, చనిపోయినవాళ్ళని తీసుకెళ్ళేవాడు. పాత హెల్మెట్ లోపలి స్పాంజ్ టోపీ లాగ ఉండే భాగం తీసి దాని మీద అట్టముక్కలతో మూతి, చెవులు కట్టి, మైదా ఉడకబెట్టిన జిగురుతో న్యూస్‌పేపర్ ముక్కలు ఐదారు పొరలు అంటించి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టి నల్ల రంగు వేయాలి. చూపు నక్క కళ్ళలోంచి కాదు, మెడ దగ్గర నల్ల దోమతెర ముక్క పెట్టి అందులోంచి. గాలి ఆడటానికి మూతి కింద రంధ్రాలు, మరిచిపోతే లోపలున్నవాడు నిజంగానే పరలోకానికి దారి చూపిస్తాడు. మాది రాత్రి బాల్కనీలో పెడితే ఎలక వచ్చి మైదా వాసనకి ఒక చెవి మొత్తం కొరుక్కు తినేసింది, పొద్దున్నే షూట్, ఇంకేం చేస్తాం, ఒక చెవి అనూబిస్‌తోనే తీశాం. సెత్ ఒక డైలాగ్‌లో "నీ చెవికేమైనది?" అంటాడు, అనూబిస్ ఏమీ మాట్లాడకుండా తల తిప్పుకుంటాడు. అది రాసుకున్నది కాదు, జనం మాత్రం అదే గుర్తుపెట్టుకున్నారు.

ఇప్పుడు దేవుళ్ళని పెద్దగా చూపించడం. ఇది హాలీవుడ్ ట్రిక్ అనుకుంటాం గానీ ఈజిప్ట్ గోడల మీద బొమ్మలు చూడండి, రాజు పెద్దగా, సైనికులు ఆయన మోకాలంత, అంటే గొప్పోడు సైజులో కూడా గొప్పోడే. గ్రీన్ మ్యాట్ అక్కర్లేదు, దూరంతో ఆడుకోవాలి. దేవుడు కెమెరాకి 6 అడుగుల దూరంలో, మనిషి 9 అడుగుల దూరంలో నిలబడితే దేవుడు ఒకటిన్నర రెట్లు పెద్దగా కనిపిస్తాడు, ఆరడుగుల మా బావ తొమ్మిది అడుగుల హోరస్ అయిపోయాడు. కెమెరా నేలకి దగ్గరగా పెట్టండి, ఇద్దరి పాదాలు ఒకే గీత మీద ఉన్నట్టుంటాయి, మధ్యలో ఒక బండ అడ్డం పెడితే నేల దూరం కనిపించదు. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, వెనకున్నవాడు మసకైతే గుట్టు బయటపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం చూపు. దేవుడు నిజంగా మనిషిని చూడకూడదు, పక్కన గాలిలో కిందికి చూడాలి, మనిషి ఎదురుగా ఏమీ లేని చోట పైకి చూడాలి, కెమెరా దగ్గర ఒకడు కూర్చుని "ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం కిందికి" అని చెప్తూ ఉండాలి. ఈ ఒక్క షాట్‌కి మాకు గంటన్నర పట్టింది, ఎనిమిది సెకన్ల షాట్.

ఫైట్లకి వాళ్ళ వంపు కత్తి ఖోపెష్, చూస్తే మన కొడవలికి పెద్దన్న లాగ ఉంటుంది. సన్‌బోర్డ్ షీట్‌లో కోసి సిల్వర్ టేప్ చుట్టండి, నిజం కొడవలి తేవొద్దు, బండ మీద కాలు జారిందంటే నవ్వులాట కాదు. ఫైట్ మొత్తం చదునుగా ఉన్న చోటే, బండ అంచు షాట్లు నిలబడి డైలాగ్ చెప్పేవి మాత్రమే. దెబ్బ ముఖానికి ఒకడుగు దూరంలో పోవాలి, కెమెరా కొట్టేవాడి భుజం వెనక ఉండాలి, దెబ్బ తిన్నవాడు అర సెకను ఆగి తల తిప్పాలి. సౌండ్ ఎట్లాగూ ఇంట్లో దిండుని బ్యాట్‌తో కొట్టి రికార్డ్ చేసేదే. గుట్ట మీద గాలికి డైలాగులు ఎట్లాగూ పనికిరావు, మొత్తం డబ్బింగే, రజాయి కప్పుకుని ఫోన్ లోపల పెట్టుకుని చెప్పండి, మే నెలలో నరకం గానీ స్టూడియో లాగ వస్తుంది.

మా సినిమాలో పెద్ద సీన్ పడవ పందెం. కథలో ఏం జరుగుతుందంటే సెత్ పందెం వేస్తాడు, రాతి పడవలు చేసుకుని పోటీ పడదాం, గెలిచినోడిదే సింహాసనం అని. హోరస్ తెలివిగా దేవదారు చెక్కతో పడవ చేసి పైన సున్నం లాంటి పూత పూసి రాయిలాగ కనిపించేట్టు చేస్తాడు. సెత్ అది చూసి నిజంగా రాయే అనుకుని, ఒక కొండ శిఖరాన్ని నరికి 138 మూరల రాతి పడవ చెక్కించుకుంటాడు. వాళ్ళ మూర లెక్కన అది డెబ్బై మీటర్ల పైమాట. నీళ్ళలో పెట్టగానే బుడుంగ్. కోపంతో సెత్ నీటిగుర్రం అయిపోయి హోరస్ పడవని బద్దలు కొడతాడు.

దీనికి గ్రాఫిక్స్ దేనికి, కథలో ఉన్నదే చేసేయండి. థర్మాకోల్‌ని జానెడు పడవలాగ కోసి పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పలచగా పూయండి, ఎక్కువ పూస్తే ఒక పక్కకి ఒరుగుతుంది, మాది మూడోసారికి కుదిరింది. సెత్ పడవకి గ్రానైట్ షాపు బయట పారేసిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, అంచులు కొంచెం పడవలాగ ఉన్నది ఏరుకుంటే చాలు, పైన అగ్గిపుల్లలతో తెడ్లు. రెండూ టెర్రస్ మీద నల్ల టబ్బులో. ఫోన్‌ని నీటి మట్టానికి సమానంగా, దాదాపు తడిచేంత దగ్గరగా పెట్టి స్లో మోషన్‌లో తీయండి, సెకనుకి 240 ఫ్రేములు ఉంటే అదే, లేకపోతే 120. చిన్న నీళ్ళు చిన్నవిలాగే కనిపిస్తాయి, వేగం తగ్గిస్తేనే బరువు వస్తుంది. నీళ్ళు నిశ్చలంగా ఉన్నప్పుడు రాయిని వేలితో మెల్లగా వదలండి, విసిరితే బొట్లు పెద్దవిగా ఎగిరి టబ్బు అని తెలిసిపోతుంది. వెనక ఆకాశమే ఉండాలి, మాకు మొదటి టేక్‌లో నైలు నది వెనక పక్కింటి వాళ్ళ బనియన్లు ఆరేసి ఉన్నాయి.

నీటిగుర్రం మొత్తం చేయక్కర్లేదు. నీటి పైన దాని చెవులు, కళ్ళు, ముక్కు మాత్రమే కనిపిస్తాయి కదా, థర్మాకోల్‌తో ఆ మూడే చేసి బూడిద రంగు వేసి, కింద నుంచి సన్న పైపులో ఒకడు ఊదితే బుడగలొస్తాయి. సౌండ్‌కి పాత స్కూటర్ స్టార్ట్ చేస్తే వచ్చే గుర్రు రికార్డ్ చేసి స్పీడ్ బాగా తగ్గించాం, ఎవ్వరూ కనిపెట్టలేదు.

రా పడవలో వెళ్ళే రాత్రి ప్రయాణం, అపెప్ పాము, ఇదంతా ఎట్ల తీయాలా అని చాలా తల పట్టుకున్నాం. చివరికి మా చిన్నమ్మ చెప్పింది, తోలుబొమ్మలాట పెట్టండ్రా అని. దండం పెట్టాలనిపించింది. ఈజిప్ట్ బొమ్మలన్నీ పక్క నుంచి చూసినట్టే ఉంటాయి, మన తోలుబొమ్మల్లో ముఖాలు కూడా ఎక్కువగా అంతే, రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టున్నాయి. తెల్ల దుప్పటి కట్టి వెనక ఒకే ఒక్క బల్బు, ట్యూబ్‌లైట్ వద్దు నీడ పలచబడుతుంది, నల్ల అట్టతో పడవ, రా, ముందు బల్లెంతో సెత్, పాముకి అట్టముక్కలు దారంతో గొలుసులాగ కట్టి రెండు పుల్లలతో ఆడించండి. రాత్రికి 12 గంటలు, 12 ద్వారాలు, ఒక్కో ద్వారానికి దుప్పటి మీద రంగు సెలోఫేన్ కాగితం మార్చుకుంటూ పోయాం. మొత్తం సినిమాలో ఖర్చు తక్కువైన సీన్, అందం ఎక్కువైన సీన్ ఇదే.

గుండెని తూచే సీన్ పెట్టాలనుకుంటే, చనిపోయినవాడి గుండెని మాఅత్ అనే ధర్మదేవత ఈకతో తూచుతారు, బరువుంటే అమ్మిత్ మింగేస్తుంది, మొసలి తల, సింహం ముందుకాళ్ళు, నీటిగుర్రం వెనకభాగం. థోత్ అనే రాతల దేవుడు పక్కన నిలబడి రాసుకుంటాడు, మన చిత్రగుప్తుడి డ్యూటీయే. షాట్లు మీరు ఆలోచించక్కర్లేదు, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, హునెఫెర్ అనే ఆయన కోసం రాసిన పాపిరస్‌లోని బొమ్మ నెట్‌లో చూడండి, ఎడమ నుంచి కుడికి అచ్చం స్టోరీబోర్డే, ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా ఉంది. తక్కెడ పాత పేపర్ల అన్న దగ్గర అడిగితే ఇచ్చాడు, పోతూ పోతూ "తూకం సరిగ్గ చూడండి సార్" అన్నాడు, అది కూడా సినిమాలో పెట్టేశాం. చనిపోయినవాడు 42 మంది న్యాయమూర్తుల ముందు ఒక్కో తప్పూ చేయలేదని చెప్పుకోవాలి, మేం మూడుకి కుదించాం, మూడోది "పక్కింటి వైఫై వాడలేదు" అనగానే తక్కెడ ఊగుతుంది.

ముగింపుకి కూడా కొత్తగా ఏదీ రాయక్కర్లేదు. కేసు హోరస్ గెలుస్తాడు, సెత్‌ని చంపరు, రా తన దగ్గరే పెట్టుకుని ఆకాశంలో ఉరిమే పని ఇస్తాడు. ఈ షాట్ ఒక్కటి మాత్రం జూన్‌దాకా ఆగి తీయండి. మొదటి వానకి ముందు మబ్బు కమ్మినప్పుడు టెర్రస్ మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం, ఉరుము వచ్చింది, మెరుపులు దగ్గరైతే ఫోన్ సంగతి తర్వాత, ముందు మీరు లోపలికి పొండి.

స్క్రీనింగ్‌కి ప్రొజెక్టర్ అద్దెకి దొరుకుతుంది, తెరకి తోలుబొమ్మలకి వాడిన దుప్పటే కట్టాం. దాని కింద అంచుకి ఇటుకలు కట్టండి, మేం పైన రెండు క్లిప్పులు పెట్టి వదిలేస్తే పడవ పందెం సగంలో గాలికి హోరస్ మొత్తం ముడుచుకుపోయి వాటర్ ట్యాంక్ మీదికి ఎగిరాడు, దుప్పటి దించడానికి వాచ్‌మన్ అన్న నిచ్చెన తేవాల్సొచ్చింది.